ఆలస్యంగా మోగిన గంట

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. గ్రామఫోను రికార్డులు కొనేవాళ్ళలో చాలామంది వినడానికి కొనరు. అట్ట బాగుందని కొంటారు, అల్మరాలో నిలబెట్టి ఫొటో తీసుకుంటారు. నేనూ ఆ బాపతే. మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో రికార్డు ప్లేయరు మూత మీద ఒక మొక్క ఉండేది. అది కూడా ప్లాస్టిక్‌ది. ఈ కథ తెలిశాక దాన్ని తీసి కిటికీలో పెట్టాను. అంతకన్నా నాకు చేతనైందేమీ లేదు కాబట్టి, కథైనా సరిగ్గా చెబుతాను.

కథ పిచ్చుకది. అసలు పేరు ఆఫీసు కాగితాల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. చిన్నప్పుడు నిద్ర లేచింది మొదలు కిచకిచమంటూనే ఉండేదని వాళ్ళ పిన్ని పెట్టిన పేరు అది. పిచ్చుక పెద్దయ్యాక కంప్యూటర్లు చదివి, ఫోన్లలో రొద తుడిచే కంపెనీలో చేరింది. మీరు ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల కుక్క మొరిగినా, మిక్సీ తిరిగినా అవతలివాళ్ళకి తెలియకుండా చేసే ప్రోగ్రాములు రాయడం ఆమె పని. బాగా రాసింది. ఎంత బాగా అంటే, ఇక ఆ ప్రోగ్రాము తనను తానే బాగుచేసుకోగలదని కంపెనీకి నమ్మకం కుదిరి, పిచ్చుక చేతిలో ఒక పూలగుత్తి పెట్టి పంపించేసింది.

ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న రోజుల్లో బాబాయి ఫోన్ చేశాడు. ఫోన్ చేశాడంటే అరిచాడు. ఆయన ఫోన్లో ఎప్పుడూ అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడతాడు.

“ఏమే పిచ్చుకా! ఖాళీయేనటగా?”

“ఖాళీ కాదు బాబాయ్. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నా.”

“ఆ ఆలోచించేదేదో ఇక్కడికొచ్చి ఆలోచించు. కుర్చీ ఉంది, ఫ్యానుంది. మీ పిన్ని పోయాక నాతో పోట్లాడేవాళ్ళు లేక నోరు తుప్పు పట్టిపోతోంది.”

అలా పిచ్చుక బాబాయి దగ్గర చేరింది.

బాబాయి పని చేసే చోటు ఒక సందు చివర, టైర్ల కొట్టు వెనకాల ఉంటుంది. బయటినుంచి చూస్తే సైకిళ్ళు పెట్టుకునే షెడ్డనుకుంటారు. లోపల గోడలన్నిటికీ పరుపులు కుట్టినట్టు మెత్తలు. మధ్యలో సిమెంటు దిమ్మ, దాని మీద రికార్డులు కోసే మిషను. వీధిలో లారీ పోయినా అదురు పాకకూడదని ఆ దిమ్మని నేలకి ఆనకుండా రబ్బరు మీద కూర్చోబెట్టారు. నల్లటి లక్క పూత పూసిన పళ్ళెం ఒకటి దాని మీద తిరుగుతూ ఉంటుంది. పైనుంచి, కటింగ్ హెడ్‌కి బిగించిన కెంపు సూది దిగి, పాటకి తగ్గట్టు వణుకుతూ గాడి కోసుకుంటూ పోతుంది. లేచిన పొట్టుని, వెంట్రుకలాంటి నల్లటి దారాన్ని, పక్కనున్న గొట్టం పీల్చేస్తుంది. ఆ పళ్ళేన్ని అచ్చుగా వాడి ఫ్యాక్టరీలో రికార్డులు పోస్తారు.

ఇందులో ఒక తిరకాసుంది. అచ్చుకి పంపే పళ్ళేన్ని వినకూడదు. ఒక్కసారి సూది పెట్టి వాయించినా దాని మెత్తటి అంచులు అరిగిపోతాయి. అందుకని మిషనుకే ఒక మైక్రోస్కోపు బిగించి ఉంటుంది. చెవితో కాదు, కంటితో చూసుకోవాలి. బాబాయి అందులో కన్ను పెట్టి గాడిని చదివేస్తాడు. “ఇదిగో ఇక్కడ డ్రమ్ము పడింది, చూడు పొట్ట ఎలా ఉబ్బిందో. ఇదిగో ఈ అల వయొలిన్లు.” పిచ్చుకకి మాత్రం అన్నీ నల్లటి వానపాముల్లా కనపడేవి.

“బాబాయ్, ఇంత కష్టం దేనికి? నేను స్క్రీను మీద రంగు రంగుల్లో చూపిస్తా, ఏ సెకన్లో ఏముందో.”

“నీ స్క్రీను మీద ఉన్నది బొమ్మ. ఇది ఒళ్ళు,” అనేవాడు ఆయన. పిచ్చుక తలూపి స్క్రీను వైపు తిరిగిపోయేది. ఆమె చేసిన తప్పు అక్కడే ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక సినిమా. అందరికీ తెలిసిన సినిమానే అనుకోండి. మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. రైలు గేటు దగ్గర పనిచేసే ఒక అమ్మాయి, తప్పిపోయిన మొగుడు బతికే ఉన్నాడని అత్తగారికి రోజూ అబద్ధం చెబుతూ కాలం గడిపే కథ. పాటలు అప్పట్లోనే రికార్డులుగా వచ్చాయి. కానీ ఆ సినిమాని నిలబెట్టింది పాటలు కాదు, వెనకాల వినపడే సంగీతం. అది ఏనాడూ విడిగా రాలేదు. టేపులు పోయాయనే అందరూ అనుకున్నారు. ఈమధ్య పాత గిడ్డంగి ఖాళీ చేస్తుంటే పెట్టెలు బయటపడ్డాయి. పాటల హక్కులున్న లేబుల్ కంపెనీ మేనేజరు ఎగిరి గంతేసి రికార్డు వేస్తామని ప్రకటించేశాడు. కోయడానికి ఎవరున్నారంటే బాబాయే ఉన్నాడు. ఇంకెవరూ మిగల్లేదు కూడా.

మేనేజరుకి తెలియని సంగతేమిటంటే, ఆ సంగీతం రికార్డు చేసినప్పుడు బాబాయి ఆ స్టూడియోలోనే ఉన్నాడు. మీసాలు సరిగ్గా రాని వయసు, టేపులు మార్చే పని. అద్దానికి అవతల, వాయిద్యాల వరసలో అన్నిటికన్నా వెనక, స్తంభం చాటున పిన్ని కూర్చునేది. ఆమెది ట్రయాంగిల్. మూడు మూలలుగా వంచిన ఉక్కు కడ్డీ, చిన్న పుల్లతో కొడితే ‘టింగ్’మంటుందే, అది. ఇంట్లో అందరూ దాన్ని గంట అనేవాళ్ళు. సినిమాలో ఆ అమ్మాయి అబద్ధమాడిన ప్రతిసారీ వెనకాల ఆ గంట ఒక్కసారి మోగుతుంది. అంతే పిన్ని పని. కానీ స్తంభం అడ్డమొచ్చి ఆమెకి సంగీతం మాస్టారి చెయ్యి కనపడేది కాదు. అందుకని మాస్టారు బాబాయిని పిలిచి, “ఒరే, నేను తలూపగానే అద్దంలోంచి ఆ అమ్మాయికి వేలెత్తి చూపించు,” అన్నాడట.

బాబాయి వేలెత్తేవాడు, పిన్ని కొట్టేది. మధ్యాహ్నానికల్లా ఇద్దరూ మాట్లాడుకోకుండానే బోలెడంత మాట్లాడేసుకున్నారు. సాయంత్రం ఆఖరి ఘట్టంలో, సినిమాలోని అమ్మాయి చివరి అబద్ధం దగ్గర, గంట ఆలస్యంగా మోగింది. వెంట్రుకవాసి ఆలస్యం. మాస్టారు కళ్ళు మూసుకుని విని, “అలాగే ఉంచండి. అబద్ధమాడడానికి గొంతు రాలేదన్నట్టుంది,” అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఒకటే పోట్లాట. ఆలస్యం ఎవరిది?

“ఆయన వేలెత్తడం మర్చిపోయి నన్ను చూస్తూ కూచున్నారు,” అనేది పిన్ని.

“నా వేలు టయానికే లేచింది. తనే పుల్ల చేతిలో పట్టుకుని కలలు కంటోంది,” అనేవాడు బాబాయి.

పిల్లలు లేని ఇల్లు. ఆ పోట్లాటే వాళ్ళకి కాలక్షేపం. చుట్టాలు ఎవరొచ్చినా తీర్పు చెప్పమనేవాళ్ళు. పిచ్చుక ఎప్పుడూ పిన్ని పక్షమే.

టేపులు వచ్చాయి. ఏళ్ళ తరబడి చెమ్మ తాగి బంకబంకగా ఉన్నాయి. అలాంటి వాటిని సన్నని వేడిమీద ఆరబెట్టి, బంక తగ్గిన ఆ కాస్త వ్యవధిలో ఒక్కసారి తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. ఇందుకోసం పిచ్చుక పళ్ళు ఎండబెట్టే మిషను కొనుక్కొచ్చింది. టేపు తిరుగుతుంటే దాని మీది గోధుమరంగు పొడి పొలుసులుగా రాలుతూనే ఉంది. మళ్ళీ తిప్పితే పొడే మిగిలేట్టుంది.

“నేను చూడలేను. అయ్యాక పిలువు,” అని బాబాయి బయటికిపోయి, టైర్ల కొట్టు ముందు పచార్లు చేశాడు.

పిచ్చుక ఒక్కతే కూర్చుని ఎక్కించింది. మొదటి గంట మోగినప్పుడు ఆమె హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి అదుముకుంది. ఇన్నేళ్ళ బూజులోంచి, వయొలిన్ల వెనకనుంచి, చుక్క తేనె పడ్డట్టు ‘టింగ్’. పిన్ని చెయ్యి అది. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద పెట్టిన చెయ్యి. పిచ్చుక కాసేపు హెడ్‌ఫోన్లు తీసి ముక్కు చీదుకుంది. రొద తుడిచేటప్పుడు ఆ గంటల జోలికి పోకుండా ఒక్కొక్క చోటూ చేత్తో కాపు కాసింది.

అంతా అయ్యాక బాబాయిని కూర్చోబెట్టింది. ఆయన ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. చూపుడు వేలు ఎగరడానికి సిద్ధంగా ఉన్న పురుగులా కదులుతోంది.

వయొలిన్లు మొదలయ్యాయి. వేణువు వచ్చింది. వేలు లేచింది.

టింగ్.

బాబాయి కళ్ళు తెరిచాడు.

“ఏదీ?”

“ఏది బాబాయ్?”

“గంటేదే?”

పిచ్చుక నవ్వింది. ఆటపట్టిస్తున్నాడనుకుంది. “ఏం, ఇప్పుడు గంట మోగనేలేదని కొత్త పోట్లాటా? ఇంతకుముందు ఆలస్యమనేవాడివి, అదే నయం.”

“వేళాకోళం తర్వాత. వెనక్కి తిప్పు.”

తిప్పింది. వయొలిన్లు, వేణువు, టింగ్. గదిలో ఉన్న గాజుగ్లాసు కూడా దానికి పలికినంత స్పష్టంగా మోగింది. బాబాయి స్పీకరు వైపే చూస్తున్నాడు. బస్సు దిగేవాళ్ళలో తనవాళ్ళని వెతుక్కునేవాడిలా చూస్తున్నాడు. బస్సు ఖాళీ అయింది, వెళ్ళిపోయింది కూడా. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు పిచ్చుకకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కరెంటు పోయినప్పుడు బల్లకింద యూపీఎస్ చెవులు తూట్లు పడేలా కూస్తుంటే, ఆయన దాని పక్కనే కాళ్ళు చాపుకుని పేపరు చదువుకోవడం. ఏకాగ్రత అనుకుంది. టేపు కీచుమంటోందని తను చెవులు మూసుకుంటే, “ఏమైందే?” అనడం. తనని ఆటపట్టిస్తున్నాడనుకుంది. ఈమధ్య పనంతా మీటర్ల ముల్లు చూసి లాగించడం. అనుభవం అనుకుంది. రొద తుడవడంలో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి, పక్క కుర్చీలో ఆయన చెవుల్లోంచి సన్నటి చప్పుళ్ళు రోజూ కాస్త కాస్త తుడుచుకుపోవడం గమనించలేదు.

“తుడిచేశావా?” అన్నాడు బాబాయి.

గొంతులో కోపం లేదు. భయం ఉంది. అదే పిచ్చుకని పడగొట్టింది. ‘ఉంది బాబాయ్, మోగుతోంది, నీకే...’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడినుంచి ఇంకో మాట బయటికొచ్చింది.

“ఎక్కించేటప్పుడే ఫిల్టరు ఆన్ చేసి మర్చిపోయాను. సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయి. సారీ బాబాయ్.”

“అసలుది? తుడవనిది ఉంటుందిగా?”

“అందులోనూ లేదు. ఎక్కించేటప్పుడే అన్నాగా.”

“టేపు...” అని ఆయనే ఆగిపోయాడు. టేపు సంగతి ఆయనకి తెలుసు. మిషను కింద ఊడ్చిన గోధుమరంగు పొడి ఇంకా చేటలోనే ఉంది.

ఆ తర్వాత కోపం వచ్చింది. మామూలుగా కాదు.

“కుక్క అరుపులు తుడిచీ తుడిచీ నీకు ఏది చప్పుడో ఏది మనిషో తెలియకుండా పోయిందే. బుద్ధి తక్కువై నీ చేతిలో పెట్టాను. ఇల్లంతా వెతికినా తన గొంతు ఒక్క ముక్క లేదు నా దగ్గర. ఫోన్లో మాట్లాడింది దాచుకోవాలని తెలియనివాణ్ణి. ఉన్నది ఆ గంటే. దాన్ని... మీ పిన్నినే తుడిచేశావే పిచ్చుకా!”

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పిచ్చుక స్పీకరు ఆపడం మర్చిపోయింది. ఖాళీ గదిలో గంట ఇంకోసారి మోగింది.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పుకుని ఏడ్చింది. అమ్మ అంతా విని, “మీ బాబాయికి చెవులు మందగించాయని నాకెప్పుడో అనుమానమే. నేను వంటలో ఉప్పెక్కువైందంటే, థాంక్స్ వదినా అన్నాడు ఓసారి,” అంది.

“అమ్మా, నవ్వొద్దు.”

“నవ్వట్లేదే. అయినా ఆ నింద నెత్తిన వేసుకోవడం దేనికి? డాక్టరుకి చూపించుకో, చెవికి మిషను పెట్టించుకో అని చెప్పేయొచ్చుగా?”

“చెప్తే ఏమవుతుందో ఆలోచించు. నేను తుడిచానంటే నామీద కోప్పడతాడు. గంట అక్కడే ఉంది, నీకే వినపడట్లేదంటే ఎవరిమీద కోప్పడతాడు?”

అమ్మ కంచంలో అన్నం పెట్టి ఆమె ముందుకు జరిపింది. “సరే, తిట్లు తిను. తిండి మాత్రం మానకు,” అంది చివరికి.

బాబాయి పనికి రావడం మానలేదు. మాట్లాడడం మానేశాడు. టీ తెస్తే తాగేవాడు, గ్లాసు కడిగి బోర్లించేవాడు. లేబుల్ మేనేజరు మాత్రం రోజుకోసారి ఫోన్ చేసి, “సార్, జనం ఎగబడుతున్నారు, ఎప్పుడు కోస్తారు?” అనేవాడు. “కోస్తాం. ఉన్నదేదో కోస్తాం,” అనేవాడు బాబాయి, పిచ్చుక వినేలా.

కోసే రోజు వచ్చింది. ముందు ఒక చిత్తు పళ్ళెం మీద కోసి చూసుకోవడం రివాజు. బాబాయి ఆఖరి ఘట్టం పెట్టమన్నాడు. పిచ్చుక పెట్టింది. ఆయన మీటర్ల దగ్గర నిలబడి, సన్నటి చప్పుళ్ళని పెంచే ట్రెబుల్ మీటని కాస్త పైకి తిప్పాడు. విన్నాడు. ఇంకాస్త తిప్పాడు. ఆయన ఏం చేస్తున్నాడో పిచ్చుకకి అర్థమైంది. తుడిచేసినా ఏ మూలో చిన్న తునక మిగిలుండకపోతుందా అని వెతుక్కుంటున్నాడు. గిన్నె అడుగున గీకినట్టు గీకుతున్నాడు.

ఆమె చెవుల్లో మాత్రం గంట సూదిలా దిగుతోంది. వయొలిన్లు రేకు డబ్బాల్లా అరుస్తున్నాయి.

“చాలు బాబాయ్.”

“నీకెందుకు? లేనిదాన్ని ఎంత పెంచితే ఏం?”

“కటింగ్ హెడ్ కాలిపోతుంది.”

“కాలనీ.”

కెంపు సూది దిగింది. నల్లటి దారం లేచింది. పిచ్చుక రెండు చేతులూ ఒళ్ళో నలుపుకుంటూ కూర్చుంది. ఇలాగే అచ్చుకి పంపితే, ఇన్నేళ్ళ తర్వాత వస్తున్న ఆ సంగీతం వింటూ జనం చెవులు మూసుకుంటారు. అట్ట మీద కోసినవారని బాబాయి పేరు ఉంటుంది. నిజం చెబితే బాబాయి విరిగిపోతాడు, చెప్పకపోతే ఆయన పని నవ్వులపాలవుతుంది. ‘ఇప్పుడు చెప్పెయ్యాలి, ఈ పళ్ళెం ఆగేలోపు చెప్పెయ్యాలి’ అనుకుంటూనే ఉంది.

చెప్పక్కర్లేకపోయింది. పళ్ళెం ఆగింది, బాబాయి అలవాటు ప్రకారం మైక్రోస్కోపుకి కన్ను ఆనించాడు.

పిచ్చుక తప్పు అన్నానే, ఇదే అది. ఆమె దృష్టిలో శబ్దమంటే ఫైలు. వినపడకపోతే లేనట్టే. గాడిలో అది కంటికి కనపడుతుందని ఎన్నిసార్లు చూపించినా ఆమె బుర్రకెక్కలేదు. పైగా ఆయన ఇప్పుడు పెంచి మరీ కోశాడు.

బాబాయి చాలాసేపు కన్ను తియ్యలేదు. చేత్తో పళ్ళేన్ని కొంచెం జరిపాడు. మళ్ళీ చూశాడు. ఇంకొంచెం జరిపాడు.

“ఇటు రా.”

ఎన్నో రోజుల తర్వాత ఆయన ఆమెని దగ్గరికి పిలవడం అదే మొదటిసారి. వెళ్ళింది.

“ఏం కనపడుతోంది?”

“గాడులు.”

“ఈ గాడి అంచున?”

మొదటిసారి పిచ్చుకకి అది వానపాములా కనపడలేదు. నున్నటి గాడి ఉన్నట్టుండి ఒకచోట రంపం పళ్ళలా పొడుచుకొచ్చి, క్రమంగా చిన్నదవుతూ నున్నగా కలిసిపోయింది. కొట్టగానే మోగి, మెల్లగా ఆరిపోయే గంటలాగే.

“వయొలిన్లేమో బాబాయ్.”

“వయొలిన్లు అలలా పోతాయి. నీకు నేర్పింది నేనే.”

పిచ్చుక తలెత్తలేదు. మైక్రోస్కోపులో గంట అలాగే ఉంది, కదలకుండా, నల్లగా.

“నువ్వు తుడవలేదు,” అన్నాడు బాబాయి.

“లేదు.”

“మోగుతోందా?”

“మోగుతోంది బాబాయ్. మొదట్నుంచీ మోగుతూనే ఉంది.”

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. టైర్ల కొట్టులో ఎవరో దేన్నో సుత్తితో కొడుతున్నారు. అది మాత్రం ఇద్దరికీ వినపడుతోంది.

“సినిమాలో ఆ పిల్ల అబద్ధమాడినప్పుడల్లా మోగుతుంది కదా,” అన్నాడు ఉన్నట్టుండి.

“ఊఁ.”

“మొన్న నువ్వు ఫిల్టరు మర్చిపోయానన్నప్పుడూ మోగే ఉంటుంది. నాకే వినపడలేదు.”

పిచ్చుక నవ్వబోయింది, చేతకాలేదు. బాబాయి తన రెండు అరచేతులూ చూసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు:

“ఆస్పత్రిలో మీ పిన్ని ఆఖరి రోజు ఏదో చెప్పిందే. పెదాలు కదిలాయి. గొంతు పోయిందనుకున్నాను. సరే సరే అని తలూపాను. నర్సు అక్కడే నిలబడి ఉంది, కళ్ళు తుడుచుకుంది. గొంతే లేనిదానికి ఈవిడెందుకు ఏడుస్తోందని కూడా అనుకున్నాను...” ఆగాడు. “పోయింది తన గొంతు కాదేమో.”

పేరు పెట్టినావిడ చూస్తే నవ్వుకునేది, పిచ్చుకకి మాటలు దొరకని రోజు కూడా ఒకటి వచ్చిందని. వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

కాసేపటికి బాబాయే లేచాడు. ట్రెబుల్ మీటని పూర్తిగా కిందికి తిప్పేశాడు. దాని ముందునుంచి పక్కకి జరిగాడు.

“నువ్వు పెట్టు.”

“నేనా?”

“నీకు తను తనలా వినపడే చోట పెట్టు. మరీ పెంచకు. అరిచే మనిషి కాదు.”

పిచ్చుక పెట్టింది. కళ్ళు మూసుకుని, వెనక్కీ ముందుకీ కదిపి, స్తంభం చాటున కూర్చున్న ఒక అమ్మాయి అక్కడినుంచి ఎంత వినపడాలో అంత వినపడేదాకా తిప్పి, చెయ్యి తీసేసింది. ఆ రోజే అసలు పళ్ళెం కోశారు. ఆమె చెవులు, ఆయన కన్ను. మధ్యలో ఆయన “సూది వేడెక్కుతోందేమో చూడు, వాసనొస్తోంది,” అనడం తప్ప మాటల్లేవు.

తర్వాత బాబాయి చెవుల డాక్టరు దగ్గరికీ వెళ్ళాడు. మిషను పెట్టారు. “ప్లాస్టిక్ సంచుల గలగల మాత్రం బ్రహ్మాండంగా వినపడుతోంది. ప్రపంచంలో ఇన్ని సంచులున్నాయని ఇన్నాళ్ళూ తెలియదు,” అన్నాడు. యూపీఎస్ మొదటిసారి కూసినప్పుడు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. మాటలు తేటపడ్డాయి, ఫోన్లో అరవడం తగ్గింది. కానీ గంట ఉండే ఎత్తుకి ఆ మిషను అందుకోలేదు. పెద్దది చెయ్యడానికైనా చెవి లోపల ఏదో ఒకటి మిగిలుండాలని, ఈయనకి ఆ చోట ఏమీ మిగల్లేదని డాక్టరు చెప్పాడు.

ఫ్యాక్టరీనుంచి నమూనా రికార్డు వచ్చింది. బొమ్మలేని తెల్లటి అట్ట. అందరికన్నా ముందు కోసినవాళ్ళే వినాలి, బాగుందంటేనే మిగతావి పోస్తారు. పిచ్చుక ప్లేయరు మీద పెట్టింది. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకునే వచ్చాడు.

“మోగినప్పుడల్లా నీ వేలెత్తు,” అన్నాడు. “అప్పట్లో నేను తనకి ఎత్తినట్టు.”

సూది దిగింది. వయొలిన్లు, వేణువు. పిచ్చుక వేలెత్తబోయి చూస్తే, బాబాయి వేలు అప్పటికే గాల్లో ఉంది. సరిగ్గా దాంతోపాటే మోగింది, టింగ్. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. రెండోసారీ అంతే. పిచ్చుక తన చెయ్యి దించేసుకుంది. సంగీతం ఎక్కడ మలుపు తిరిగినా ఆయన వేలు తప్పలేదు. వినపడని గంటలన్నిటికీ, మాస్టారు పోయాక కూడా, స్తంభం వెనక ఎవరూ లేకపోయినా, వేలెత్తుతూనే ఉన్నాడు.

ఆఖరి ఘట్టం వచ్చింది. సినిమాలో ఇక్కడ గేటు పడుతుంది, రైలు దూరంగా వస్తూ ఉంటుంది, ఆ అమ్మాయి చివరి అబద్ధం చెప్పబోతుంది. గంట మోగాల్సిన చోటు వచ్చింది.

బాబాయి వేలు కదల్లేదు. ఆయన ముఖం కొంచెం పక్కకి తిరిగింది, అద్దంలోంచి ఎవరినో చూస్తున్నట్టు. పెదాల మీద చిన్న నవ్వులాంటిది వచ్చింది. అప్పుడు, మర్చిపోయిందేదో గుర్తొచ్చినట్టు, వేలు లేచింది.

టింగ్.

రికార్డు అయిపోయింది. చివర గాడిలో సూది తిరుగుతూ చప్పుడు చేస్తోంది. బాబాయి వేలు ఇంకా దించలేదు.

“ఆఖరిది మోగిందా?”

“మోగింది బాబాయ్.”

“ఎప్పుడు?”

ఈసారి పిచ్చుక అబద్ధమాడలేదు. “సరిగ్గా నీ వేలు లేచినప్పుడే.”

ఆయన ఆ వేలి వైపు చూసుకున్నాడు. నెమ్మదిగా మడిచి, పిడికిలిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అంటే ఆలస్యం నాదే,” అన్నాడు. “మీ పిన్నినే అన్నాను ఇన్నాళ్ళూ.”

రికార్డు వచ్చింది, అమ్ముడుపోయింది. చాలామంది ఫొటోలు తీసుకున్నారు, కొందరు విన్నారు కూడా. ఆఖరి గంట గురించి ఎవరెవరో ఏవేవో రాశారు. మాస్టారి మేధస్సన్నారు. బాబాయి, పిచ్చుక చదువుకుని ఊరుకున్నారు.

నా మొక్క కిటికీలో ఉందని చెప్పాను కదా. రికార్డు ఆ రోజునుంచీ ప్లేయరు మీదే ఉంది. మీ ఇంట్లో కూడా ఎవరికో వినపడకుండా పోయిన చప్పుడు ఒకటి ఉండే ఉంటుంది. మనవడి గుసగుసో, కాలింగ్ బెల్లో, పక్కనున్న మనిషి నిద్రలో అన్న మాటో. మీరు దాన్ని ఎలా కనిపెట్టారు? వాళ్ళకి చెప్పారా, నింద నెత్తిన వేసుకుని దాచారా? కింద రాయండి. ఒక్కటీ వదలకుండా చదువుతాను.